మూడు నుంచి ఐదు తరగతుల పిల్లలకు విజ్ఞాన పాఠం: పేరు ముందు చెప్పాలా, వస్తువు ముందు చూపాలా?

ప్రశ్న: ప్రాణహిత ఒడ్డు (సిరోంచ తాలూకా, గడ్చిరోలి జిల్లా)

అందరికీ నమస్కారం. ప్రాణహిత ఒడ్డున ఉన్న మా ఊరిలో మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలకు రోజూ సాయంత్రం గంటన్నర సేపు పాఠాలు చెబుతున్నాను. మొత్తం ఇరవై ఇద్దరు పిల్లలు. ఎక్కువమంది ఇళ్లలో తెలుగు మాట్లాడతారు, ఐదుగురి ఇళ్లలో మాడియా గోండీ మాట్లాడతారు, బడిలో మాత్రం అందరూ మరాఠీలోనే చదువుతారు. నేల, నీరు, మొక్కలు, జంతువులు, వెలుతురు, అయస్కాంతం అన్నీ వాళ్లకు 'పరిసర్ అభ్యాస్' అనే ఒకే పాఠ్యాంశంలో వస్తాయి.

నా ఇబ్బంది ఏమిటో చెప్పడానికి పోయిన వారం జరిగిన ఒక సంగతి చాలు. నాలుగో తరగతి పిల్లవాడొకడు 'పాణ్యాచీ వాఫ్ హోణ్యాచ్యా క్రియేలా బాష్పీభవన్ మ్హణతాత్' (నీరు ఆవిరి అయ్యే క్రియను బాష్పీభవనం అంటారు) అని ఒక్క అక్షరం తప్పకుండా అప్పజెప్పాడు. వాన వెలిసి ఎండ కాస్తున్న సమయం కాబట్టి, అరుగు మీది సిమెంటు గచ్చుపై నేను గ్లాసెడు నీళ్లు ఒలకబోసి, అవి ఆరిపోయిన తరువాత 'ఇక్కడి నీళ్లు ఏమయ్యాయి?' అని అదే పిల్లవాణ్ని అడిగాను. 'భూమి తాగింది టీచర్' అన్నాడు. ఇది భూమి కాదు కదా, సిమెంటు కదా అంటే 'సిమెంటు గూడ తాగుతది' అన్నాడు. పక్కనున్న పాప 'కాదు, ఎండకు ఎగిరిపోయినయ్' అన్నప్పుడు నాకు సంతోషం కలిగింది కానీ, ఎక్కడికి ఎగిరిపోయాయని అడిగితే 'సూర్యుని దగ్గరికి' అని చెప్పింది.

అప్పజెప్పిన వాక్యానికీ, ఆరిపోయిన గచ్చుకూ ఏ సంబంధమూ ఆ పిల్లవాడి మనసులో లేదు. ఈ సంబంధాన్ని ఎలా కలపాలి? తెలుగు మాట ముందు చెప్పి తరువాత మరాఠీ మాట చెప్పాలా, లేక బడిలో పరీక్ష మరాఠీలోనే కాబట్టి మరాఠీ మాటతోనే మొదలుపెట్టాలా? మా దగ్గర ప్రయోగ సామగ్రి ఏమీ లేదు. చెంబులు, గ్లాసులు, ఖాళీ నీళ్ల సీసాలు, పాత సైకిలు ఒకటి, ఎదురుగా నది ఉన్నాయి. వీటితోనే ఏం చేయవచ్చో, ఎక్కడ మొదలుపెట్టాలో అనుభవమున్నవారు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

జవాబు: మహేంద్రతనయ (పర్లాకిమిడి, గజపతి జిల్లా)

అమ్మా, ఒడిశాలో ఒడియా మాధ్యమపు బడులలో ముప్ఫై ఒక్క సంవత్సరాలు పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ని. మా తరగతిలో కూడా తెలుగు పిల్లలు, ఒడియా పిల్లలు, కొండ మీది నుంచి దిగివచ్చిన సవర పిల్లలు కలిసి కూర్చునేవారు. గిడుగు రామమూర్తి పంతులుగారు ఉపాధ్యాయుడిగా పనిచేసిన ఊరు ఇది. సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని ఆయన ఆ భాష నేర్చుకుని వాచకాలు తయారుచేశారు. భాష విషయంలో నేను చెప్పదలచినది అక్కడి నుంచి వచ్చినదే: పిల్లవాడు ఇంటి నుంచి తెచ్చుకున్న మాటను ముందుగా గౌరవించి తీసుకోండి, వస్తువును చూపండి, బడి మాటను అన్నిటికంటే చివర ఇవ్వండి.

మీ పిల్లవాడు 'భూమి తాగింది' అన్నాడంటే వాడు కళ్లతో చూసినదే చెప్పాడు. మట్టి వాకిట్లో నీళ్లు పోస్తే నిజంగా మట్టే ముందు తాగుతుంది. ఆ మాటను తప్పని కొట్టివేస్తే వాడు ఇక మీదట తన ఆలోచన చెప్పడం మానేసి, మీకు కావలసిన వాక్యమే అప్పజెబుతాడు. దానికి బదులు వాడి మాటను పరీక్షకు పెట్టండి. ఒకే రకమైన రెండు స్టీలు పళ్లేలు తెచ్చి, ఒక్కొక్కదానిలో మూడేసి చెంచాల నీళ్లు పోసి, రెండింటినీ ఎండలోనే ఉంచి, ఒకదాని మీద మాత్రం మూత బోర్లించండి. మూత లేని పళ్లెం ఆరిపోతుంది. పళ్లెం తాగిందని ఎవరైనా అంటే రెండో పళ్లెం ఎందుకు తాగలేదని మీరు అడగనవసరం లేదు, పక్కనున్న పిల్లలే అడుగుతారు. మూత ఎత్తినప్పుడు దాని లోపలి వైపు పట్టిన బిందువులను వేలితో తుడిచి చూడనివ్వండి. ఆ బిందువులే మీ పాపకు కూడా జవాబు, ఎందుకంటే నీళ్లు సూర్యుడి దాకా వెళ్లలేదు, మూత దాకానే వెళ్లాయి. ఇవన్నీ అయిన తరువాత 'దీనికే బాష్పీభవనమని పేరు' అని చెబితే, ఆ పేరు తగిలించుకోవడానికి పిల్లవాడి దగ్గర ఒక వస్తువు ఉంటుంది.

గాలి సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. మన తెలుగులో వీచే గాలికీ, ఊరకే నిలిచి ఉన్న గాలికీ ఒకటే మాట. ఉక్కపోస్తున్న రోజున 'ఈరోజు అసలు గాలి లేదు' అని ఇంట్లో పెద్దలందరూ అంటారు. ఆ మాట రోజూ వింటూ పెరిగిన పిల్లవాడు ఆకులు కదలనప్పుడు గాలి నిజంగానే లేదని నమ్మడంలో వాడి తప్పేమీ లేదు. మా తరగతిలో ఖాళీ గ్లాసు చూపి ఇందులో ఏముందని అడిగితే ప్రతి ఏటా 'ఏమీ లేదు మాస్టారూ' అనేవారు. గ్లాసు అడుగున కాగితం ఉండను గట్టిగా ఇరికించి, గ్లాసును తలకిందులుగా, ఏ మాత్రం వంచకుండా నీళ్ల బకెట్టులోకి నిలువునా దింపి, మళ్లీ అలాగే పైకి తీసేవాణ్ని. కాగితం పొడిగా ఉండేది. రెండోసారి నీళ్లలోపలే గ్లాసును కొంచెం వంచితే బుడగ ఒకటి బుడుంగున బయటికి వచ్చి, కాగితం తడిసేది. ఆ బుడగ వచ్చే క్షణం కోసం పిల్లలు బకెట్టు అంచు మీదికి ముక్కులు ఆనేలా వంగి చూసేవారు. ఆ తరువాత ఖాళీ గ్లాసులో ఏముందని వాళ్లను అడగవలసిన పని ఉండేది కాదు.

ఇలాంటి మాటలు మరికొన్ని ఉన్నాయి. పిల్లల లెక్కలో జంతువు అంటే నాలుగు కాళ్లది. పక్షి పక్షే, చీమ పురుగే, మనిషి మనిషే, ఇవేవీ జంతువులు కావు. మొక్క అంటే చిన్నది, చెట్టు అంటే పెద్దది కాబట్టి చింతచెట్టు మొక్కల జాతిది కాదని గట్టిగా వాదిస్తారు. పాఠం మొదలుపెట్టే ముందు ఇరవై ఆకులు, బొమ్మలు, పురుగులు, రాళ్లు ముందు పెట్టి కుప్పలుగా వేరుచేయమని చెప్పి, మీరు మాట్లాడకుండా చూడండి. వాళ్లు ఎక్కడున్నారో ఆ కుప్పలే చెబుతాయి.

ఒక జాగ్రత్త. వెలుగుతున్న కొవ్వొత్తిని నీళ్ల పళ్లెంలో నిలబెట్టి దానిపై గ్లాసు బోర్లిస్తే లోపలికి నీళ్లు ఎక్కుతాయి. కొవ్వొత్తి ఆమ్లజనిని కాల్చివేసింది కాబట్టి ఆ చోటును నీళ్లు ఆక్రమించాయని చాలా చోట్ల చెబుతారు, నేను కూడా కొన్నేళ్లు అలాగే చెప్పాను. అది సరైన కారణం కాదు. మంట వల్ల గ్లాసులోని గాలి వేడెక్కి వ్యాకోచిస్తుంది, కొంత బయటికి పోతుంది, మంట ఆరిన వెంటనే మిగిలిన గాలి చల్లబడి కుంచించుకుపోతుంది, అప్పుడు బయటి గాలి ఒత్తిడి నీళ్లను లోపలికి తోస్తుంది. నీళ్లలో ఎక్కువ భాగం మంట ఆరుతున్నప్పుడు, ఆరిన తరువాతనే జోరుగా ఎక్కడం గమనిస్తే ఈ విషయం బోధపడుతుంది. తేలికగా ఉంటుందని తప్పు కారణం చెప్పడం కంటే, ఈ వయసులో 'నీళ్లు ఎప్పుడు ఎక్కాయో చూశారా?' అన్న ప్రశ్న దగ్గరే ఆగిపోవడం మంచిది.

జవాబు: రెండు భాషల బడి (బల్లార్షా, చంద్రపూర్ జిల్లా)

మాస్టారు చెప్పిన గాలి విషయంలో మీకు మరాఠీ ఎంతో సహాయం చేస్తుంది, ఎందుకంటే ఆ భాషలో నిలిచి ఉన్న గాలి 'హవా', వీచే గాలి 'వారా'. బకెట్టు ప్రయోగం అయిన వెంటనే ఈ రెండు మాటలూ ఇచ్చి, గ్లాసులో ఉన్నది హవా, ఆకును కదిపేది వారా, తెలుగులో రెండింటినీ గాలే అంటాము అని చెప్పండి. రెండు భాషలు తెలిసిన పిల్లలకు ఇది భారం కాదు, ఒక భాష కలిపేసినదాన్ని మరో భాష విడదీసి చూపుతుంది.

బల్లార్షాలో నేను పన్నెండేళ్లుగా మరాఠీ బడిలో తెలుగింటి పిల్లలకు చదువు చెబుతున్నాను. శాస్త్ర పదాలలో చాలా భాగం సంస్కృతం నుంచి వచ్చినవి కావడం వల్ల బాష్పీభవనం, గురుత్వాకర్షణ, ఆమ్లం వంటివి రెండు భాషల్లోనూ దాదాపు ఒక్కటే. అయస్కాంతానికి చుంబక్, ఉష్ణోగ్రతకు తాపమాన్, ఘన పదార్థానికి స్థాయూ, శిలాజానికి జీవాశ్మ, కిరణజన్య సంయోగక్రియకు ప్రకాశ్ సంశ్లేషణ్ అని మరాఠీలో వేరు మాటలు ఉన్నాయి. వీటితో పెద్ద ఇబ్బంది లేదు, వేరుగా వినిపిస్తాయి కాబట్టి వేరుగానే గుర్తుంటాయి. అసలు చిక్కంతా ఒకేలా వినిపిస్తూ అర్థం మారిపోయే మాటలతోనే వస్తుంది. మన పుస్తకాలలో శక్తి అని చెప్పేదాన్ని మరాఠీ పుస్తకం ఊర్జా అంటుంది, అక్కడ శక్తి అంటే మన సామర్థ్యం. మనం రోజువారీ ఎండావానలకూ, భూమి చుట్టూ ఉన్న గాలిపొరకూ కలిపి వాతావరణం అంటాము. మరాఠీలో ఆ గాలిపొర మాత్రమే వాతావరణ్, ఎండావానలకు హవామాన్ అనే మాట ఉంది. నా తరగతిలో తెలివైన పిల్ల ఒకతె పరీక్షలో వాతావరణ్ గురించి రాయమంటే మొగులు, వాన, చలి గురించి పేజీ నిండా చక్కగా రాసి, సున్నా మార్కులు తెచ్చుకుంది. ఆ పిల్లకు విషయం తెలుసు, ప్రశ్న ఏమి అడుగుతోందో తెలియలేదు.

అందువల్ల పిల్లలందరి చేతా ఒక మాటల పుస్తకం రాయించండి. మొదటి గడిలో ఇంటి మాట, రెండో గడిలో తెలుగు పుస్తకపు మాట, మూడో గడిలో మరాఠీ మాట, పక్కన చిన్న బొమ్మ. గోండీ పిల్లలు తమ మాటను తామే చెప్పి రాయించాలి, ఆ రోజు వాళ్లే మిగిలిన పిల్లలకు గురువులు. ప్రయోగం చేయకముందు మాత్రం ఏ మాటనూ ఈ పుస్తకంలోకి ఎక్కనివ్వకండి.

జవాబు: రాతిపొరలు (భూగర్భ శాస్త్ర విద్యార్థి, చంద్రపూర్)

నేల, రాయి పాఠాలు చెప్పడానికి దేశం మొత్తంలో సిరోంచ కంటే మంచి చోటు ఉన్న బడులు తక్కువ. మీ ఊరి పిల్లలకు ఈ సంగతి తెలియకుండా పెద్దవాళ్లు కాకూడదని నాకు గట్టిగా ఉంది కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు సీసాతో మొదలుపెట్టండి. లీటరు నీళ్ల సీసాలో నాలుగో వంతు దాకా నది గట్టు మట్టిని వేసి, నీళ్లతో నింపి, మూత బిగించి, పిల్లలచేత బాగా గిలకొట్టించి, ఒక చోట కదపకుండా ఉంచండి. ఇసుక, అంటే వాళ్లు చెప్పే ఉసికె, నిమిషంలోపే అడుగుకు చేరుతుంది. ఆపైన సన్నని ఒండ్రు గంటల తరబడి దిగుతుంది. అన్నిటికంటే సన్నని బంకరేణువులు మర్నాటికి కూడా నీళ్లను ఎర్రగానే ఉంచుతాయి. పెద్దవాళ్లు చిల్లగింజను అరగదీసి కలిపితే నీళ్లు ఎందుకు తేరుకుంటాయో ఆ ఇళ్లలోని అవ్వలను అడిగి రమ్మని కూడా చెప్పవచ్చు. మూడో రోజున సీసా అడుగున గీతలు గీసినట్టుగా పొరలు కనిపిస్తాయి. పొరలను చూసి పిల్లలు తమంతట తామే చెప్పగలిగిన విషయం ఒకటి ఉంది: అడుగున ఉన్నది ముందు దిగినది, పైన ఉన్నది తరువాత దిగినది. రాళ్ల వయసును ఒకదానితో ఒకటి పోల్చి చూసే శాస్త్రం ఈ మాట మీదనే నిలబడి ఉంది. 2022 జులై వరద దిగిపోయిన తరువాత పొలాలలో ఎంత మందాన ఒండ్రు మిగిలిందో మీ పిల్లల ఇళ్లలోనివారు చూసే ఉంటారు, సీసాను ఆ జ్ఞాపకంతో కలపండి.

ఇప్పుడు సీసా నుంచి నదికి రండి. ప్రాణహిత గట్టున మీ దగ్గరలోనే ఉన్న కోట అనే గ్రామం పేరునే అక్కడి రాతిపొరలకు పెట్టి, ప్రపంచమంతటా భూగర్భ శాస్త్రవేత్తలు వాటిని కోటా పొరలని పిలుస్తారు. ఒకప్పుడు నదీ, చెరువులూ తెచ్చి పరిచిన మట్టీ ఇసుకా గట్టిపడిన రాళ్లవి. సిరోంచ తాలూకాలోని పోచంపల్లి దగ్గర ఆ పొరలలో కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు పెద్ద రాక్షసబల్లుల ఎముకలను తవ్వి తీశారు. దాదాపు మూడు వందల ఎముకలు దొరికాయి. తొడ ఎముక ఒకటి ఐదడుగుల పైచిలుకు పొడవు ఉంది. బెంగాలీలో 'బడ పా' అంటే పెద్ద కాలు, ఆ మాటతో దానికి 1975లో బారాపాసారస్ అని పేరు పెట్టారు. రెండో పేరు టాగోరై, 1961లో రవీంద్రనాథ్ టాగూర్ శతజయంతి జరిగినందుకు గుర్తుగా పెట్టినది. ఇది ఆకులు తినే జంతువు, పొడవు సుమారు 14 మీటర్లు. ఆ అస్థిపంజరం ఇప్పుడు కోల్‌కతాలో ఆ సంస్థ ప్రదర్శనశాలలో నిలబడి ఉంది.

పిల్లలకు కోట్ల సంవత్సరాలని చెబితే ఏమీ అర్థం కాదు, పెద్దలకు కూడా అంతే. నేను బడులకు వెళ్లినప్పుడు 19 మీటర్ల తాడు పట్టుకుని వెళ్తాను. ఒక్కో సెంటీమీటరు లక్ష సంవత్సరాలు. తాడు ఒక కొన ఈ రోజు, రెండో కొన సుమారు 19 కోట్ల ఏళ్ల కిందట మీ ఊరి దగ్గర ఆ జంతువు తిరిగిన కాలం. ఈ రోజు కొన నుంచి ఆరు మీటర్ల అరవై సెంటీమీటర్ల దగ్గర ఒక ముడి వేస్తే రాక్షసబల్లులు అంతరించిన కాలం. మన జాతి మనుషులు పుట్టినప్పటి నుంచి నేటి దాకా మూడు సెంటీమీటర్లు, అంటే పిల్లవాడి రెండు వేళ్ల మందం. తాడును బడి ఆవరణలో చాచి, పిల్లలను ఒక కొన నుంచి మరో కొనకు నడిపించండి. రాక్షసబల్లులను మనుషులు వేటాడేవారని బొమ్మలు చూసి నమ్మే పిల్లలు ఆ ముడి దగ్గర ఆగి మన మూడు సెంటీమీటర్లను వెనక్కి తిరిగి చూస్తారు.

వడధంలో అటవీశాఖ వారి శిలాజ ఉద్యానం ఉంది. రాయిగా మారిన మాను ముక్కలను అక్కడ చూడవచ్చు. తీసుకువెళ్లే ముందు పిల్లలకు ఒక్క మాట గట్టిగా చెప్పండి: చూడవచ్చు, బొమ్మ గీయవచ్చు, ఒక్క ముక్క కూడా జేబులో వేసుకోకూడదు. శిలాజం తన పొర నుంచి విడిపోతే ఏ కాలానిదో చెప్పడానికి ఆధారం పోతుంది.

జవాబు: ఆరోగ్య కార్యకర్త (అహేరి, గడ్చిరోలి జిల్లా)

నేను ఉపాధ్యాయురాలిని కాను. మన జిల్లాలో మలేరియా బాధ ఎంత ఉందో మీకు తెలుసు కాబట్టి, జీవుల పాఠానికి దోమను తీసుకోమని అడగడానికి రాస్తున్నాను. ఊరిలో నిలిచిన నీళ్ల నుంచి దోమపిల్లలను గరిటెతో తీసి, వెడల్పు మూతి గాజు సీసాలో పోసి, మూతికి దోమతెర గుడ్డను రెండు పొరలుగా గట్టిగా కట్టండి. పిల్లలు రోజూ బొమ్మ గీయాలి. నీళ్లలో ఈదే పిల్ల పురుగు, కామా గుర్తులా వంగిన గూటి దశ, రెక్కల దోమ, ఈ మూడూ ఒకటి రెండు వారాల్లోనే వాళ్ల కళ్ల ముందు జరుగుతాయి. నీటి పైపొర కింద తలకిందులుగా వేలాడుతూ ఉంటే మామూలు దోమ పిల్లలు, పైపొరకు సమానంగా పడుకున్నట్టు ఉంటే మలేరియా మోసే అనాఫిలిస్ దోమ పిల్లలు. ఈ తేడాను మా శిక్షణలో నేర్చుకోవడానికి మాకు రెండు రోజులు పట్టింది, అయిదో తరగతి పిల్లలు ఒక్క పూటలో పట్టుకున్నారు.

దోమపిల్లలు నీటి పైకి ఎందుకు వస్తున్నాయని అడగండి. గాలి పీల్చుకోవడానికి. వేరే గిన్నెలో కొన్ని దోమపిల్లలను ఉంచి రెండు చుక్కల నూనె వేస్తే, నీటి మీద పొర పరుచుకుని వాటికి గాలి అందకుండా పోతుంది. మీ గ్లాసులోని గాలి పాఠం, ఈ పాఠం ఒకదానికొకటి కలుస్తాయి. రెక్కలు వచ్చే రోజు కోసం సీసాను ఎదురుగా పెట్టుకోండి, తెర విప్పకుండానే చివర సబ్బునీళ్లు పోయండి.

ప్రశ్న అడిగినవారు: ప్రాణహిత ఒడ్డు

అందరికీ కృతజ్ఞతలు. పన్నెండు రోజులుగా మీరు చెప్పినవి ఒక్కొక్కటిగా చేస్తున్నాను. పళ్లేల పరీక్షకు మా పిల్లవాడే ఒక మార్పు చెప్పాడు: మూడో పళ్లెంలో మట్టి పోసి దానిలో కూడా మూడు చెంచాల నీళ్లు పోయాలట. మట్టి వెంటనే తాగేసింది, మధ్యాహ్నానికి ఆ మట్టి కూడా పొడిబారింది. వాడు ఆ మట్టిని వేళ్లతో నలిపి చూసి 'తాగింది గని మల్ల ఇచ్చేసింది' అన్నాడు. మాటల పుస్తకంలో బాష్పీభవనం పక్కన ఆ పళ్లెం బొమ్మనే గీశాడు.

రెండు సందేహాలు మిగిలాయి. చల్లని నీళ్ల గ్లాసుకు బయట పట్టే చెమట లోపలి నీరే పక్కకు ఊరిందని అందరూ అంటున్నారు. రెండోది, మిట్టమధ్యాహ్నం సూర్యుడు ఎప్పుడూ నడినెత్తి మీదనే ఉంటాడని పిల్లలే కాదు, నేను కూడా ఇంతకాలం అనుకున్నాను. గడియారం పన్నెండు చూపుతున్నప్పుడు కర్ర పాతి చూస్తే చిన్న నీడ పడింది. పాఠం ఎక్కడ తప్పింది?

జవాబు: మహేంద్రతనయ (పర్లాకిమిడి)

మొదటి సందేహానికి చిటికెడు కుంకుమ చాలు అమ్మా. గ్లాసులోని చల్లని నీళ్లలో కుంకుమ కలిపి, బయట పట్టిన బిందువులను తెల్లని గుడ్డతో తుడిచి చూపండి. గుడ్డకు ఎరుపు అంటదు. ఇదే పనిని వేసవిలో కుండనీళ్లతో చేస్తే, గాలిలో తేమ తక్కువ కాబట్టి చెమట సరిగా పట్టకపోవచ్చు, మీరు వానాకాలంలో మొదలుపెట్టడం మంచిదైంది. కుండనీళ్లు మే నెలలో చల్లగా ఉండి, ఇప్పుడు ఉండకపోవడానికి కారణం కూడా అదే తేమ. వేసవిలో కుండ ఒంటి మీది నీరు త్వరగా ఆవిరైపోతూ కుండ వేడిని తీసుకుపోతుంది, వానాకాలపు గాలి అప్పటికే తడిగా ఉంటుంది కాబట్టి ఆవిరి కావడం మందగిస్తుంది. ఈ ప్రశ్నను పిల్లలకు ఇప్పుడే అడిగి, జవాబును వచ్చే వేసవి దాకా వాళ్ల దగ్గరే ఉంచండి.

జవాబు: రెండు భాషల బడి (బల్లార్షా)

రెండో సందేహం గురించి. మీ కర్ర సరిగ్గానే చెప్పింది. సిరోంచ అక్షాంశం 19 డిగ్రీలకు కొంచెం తక్కువ. అక్కడ సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చేది ఏడాదిలో రెండే రెండుసార్లు, మే నెల మధ్యలో ఒకసారి, జులై 28 ప్రాంతంలో ఒకసారి. ఈ రెండింటి నడుమ మిట్టమధ్యాహ్నపు నీడ దక్షిణానికి పడుతుంది, మిగిలిన ఏడాది అంతా ఉత్తరానికి పడుతుంది. ఇళ్లలో ఎవరూ గమనించని ఈ మార్పును మీ పిల్లలు ఒక సైకిలు పుల్లతో పట్టుకోగలరు.

మిట్టమధ్యాహ్నం గడియారపు పన్నెండుకు రాదు. మన దేశపు గడియారాలన్నీ కాకినాడ దగ్గర నుంచి వెళ్లే 82.5 డిగ్రీల రేఖాంశాన్ని బట్టి నడుస్తాయి. మీరు దానికి రెండున్నర డిగ్రీలు పడమరన ఉన్నారు, డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున పది నిమిషాలు ఆలస్యం. జులై చివరలో సూర్యుడు మరో ఆరు నిమిషాలు వెనకబడి ఉంటాడు. కాబట్టి 12 గంటల 16 నిమిషాల నుంచి చూడండి. సైకిలు పుల్ల నిటారుగా ఉందో లేదో దారానికి రాయి కట్టి సరిచూసుకోండి. ఇదే సందర్భంలో వేసవిలో సూర్యుడు దగ్గరికి వస్తాడన్న మాట కూడా తరగతిలో తప్పక వస్తుంది. భూమి సూర్యుడికి అన్నిటికంటే దగ్గరగా ఉండేది మనం చలికి వణికే జనవరి మొదటి వారంలో, దూరంగా ఉండేది జులై మొదటి వారంలో. కారణం ఈ వయసులో పూర్తిగా చెప్పలేకపోయినా, ఈ రెండు తేదీలు చెబితే తప్పు కారణం నాటుకోకుండా ఆపవచ్చు.

ప్రశ్న అడిగినవారు: ప్రాణహిత ఒడ్డు

కుంకుమ నీళ్ల గుడ్డను పిల్లలు గోడకు అంటించారు. 27న రోజంతా ముసురే. 28న మధ్యాహ్న భోజనం తరువాత బడి ఆవరణలోనే సైకిలు పుల్లనూ, దాని పక్కన బోర్లించిన స్టీలు గ్లాసునూ పెట్టి అందరమూ చుట్టూ కూర్చున్నాము. 12 గంటల 10 నిమిషాలకు మబ్బు కమ్మింది. 15కు విడిపోయింది. గ్లాసు చుట్టూ ఎటు చూసినా నీడ లేదు, పుల్లకు కూడా లేదు. నాలుగు నిమిషాలు అలాగే ఉండి మళ్లీ మబ్బు పట్టింది. 'భూమి తాగింది' అన్న పిల్లవాడు గ్లాసును ఎత్తి, నీడ దాని కిందికి పోయి దాక్కుందేమోనని అడుగున చూశాడు. తరువాత తనే గ్లాసును ఒక అడుగు పైకి పట్టుకుని, నేల మీద పడిన గుండ్రని నీడను చూపి 'ఇగో, ఈడనే ఉంది టీచర్, గ్లాసే కూసున్నది దాని మీద' అన్నాడు. ఆగస్టు నెలంతా ఆదివారాలు తప్ప ప్రతి రోజూ 12 గంటల 16 నిమిషాలకు నీడ కొనను సుద్దతో గుర్తుపెట్టి, ఉత్తరానికి ఎంత జరుగుతోందో కొలవాలని పిల్లలు నిర్ణయించారు. గుర్తులు వానకు చెరిగిపోకుండా ఏం వాడవచ్చో ఎవరికైనా తెలిస్తే చెప్పండి.